దుబాయ్‌ల వాట్సాప్ కాల్ ఎందుకు కలుస్తలేదు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ దిక్కు ఏ ఊరికి పోయినా ఈ పంచాయితీ ఒకటి ఇనవడుతది. "మెసేజ్ చూసిండు, నీలం టిక్కులు వడ్డయి, కాల్ చేస్తె మాత్రం మాట్లాడుతలేడు." ఇంట్ల ఆమెకు అనుమానం, అవ్వకు రంది, ఇరుగుపొరుగోళ్లకు మాట అనెతందుకు ఒక సందు. అక్కడున్న మనిషేమో రోజంత ఎండల పనిచేసి వచ్చి, క్యాంపుల వైఫై దొరికే మూలకు నిలవడి నాలుగుసార్లు కొట్టిండు. రింగ్ అయితది, ఇక్కడ ఎత్తుతరు, ఎత్తినంక "కనెక్టింగ్" అని గుండ్రంగ తిరుగుడే తిరుగుడు. రెండు దిక్కుల ఫోన్ మంచిగనే ఉన్నది, నెట్ మంచిగనే ఉన్నది, మనుషులు మంచిగనే ఉన్నరు. మరి నడుమ మాటను ఆపింది ఎవలు?

ఈ సంగతి మీకు ఎందుకు చెప్తున్ననంటే, మన ఇండ్లల్ల ఫోన్ ఎవ్వారం చూసేది మీరే. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు. అవ్వ ఫోన్ల యాప్ ఎక్కిచ్చేది మీరు, బాపుకు ఓటీపీ చదివి చెప్పేది మీరు, పక్కింటామె ఏడ్చుకుంట ఫోన్ పట్టుకొస్తే చూసిపెట్టేది గూడ మీరే. అసలు సంగతి మీకు ఎరుకుంటే సగం కొట్లాటలు ఊర్లనే ఆగిపోతయి.

నెట్ కాల్‌ల జరిగేది ఇది. మన గొంతును ఫోన్ ముక్కలు ముక్కలు చేస్తది. సెకనుకు సుమారు 50 ముక్కలు. ఒక్కొక్క ముక్క మీద చిరునామా రాసి, ఫొటోలు, మెసేజ్‌లు పోయే దారిలనే పంపుతది. అవుతలి ఫోన్ ఆ ముక్కలను వరుసల పేర్చి మళ్ల గొంతు చేస్తది. మెసేజ్ రెండు సెకన్లు ఆలస్యంగ పోయినా ఎవలికీ తెల్వది. మాట గట్ల కాదు. ముక్క ఆలస్యమైతే దాన్ని పారేసుడే, మళ్ల అడిగే టైం ఉండది. మన దగ్గరి నుంచి పోయే మాట 150 మిల్లీ సెకన్లు, అంటే సెకన్ల ఏడో వంతు దాటి లేటైతే ఒకరి మాట మీద ఒకరి మాట వడుడు మొదలైతది. "హలో... లో... ఇనవడుతుందా" అని మనం ఒర్రేది గందుకే. సెలవు రోజు పొద్దుమీకినంక క్యాంపుల ఉన్నోళ్లందరు ఒక్కటేసారి ఇంటికి ఫోన్ కొడుతరు. అప్పుడు వైఫై కుంటినడక నడుస్తది, గొంతు తెగిపోతది. ఇది మామూలు తిప్పల. దీనికి వీడియో బంద్ చేసి మాట ఒక్కటే పెట్టుకుంటే చాలు. మాట కాల్‌కు నిమిషానికి ఒక ఎంబీ లోపే ఖర్చయితది, వీడియోకు దానికి ఎన్నో ఇంతలు.

అయితే యూఏఈల, అంటే దుబాయ్, అబుదాబి, షార్జాలల్ల వాట్సాప్ కాల్ ఆగేది నెట్ బాగలేక కాదు. కావాలని ఆపుతరు. ఆడ నెట్ మీద మాట నడిపియ్యాలంటే లైసెన్స్ ఉండాలె. ఆ దేశపు టెలికాం సంస్థ, టీడీఆర్ఏ అంటరు, ఆ పని రెండు ఫోన్ కంపెనీలకే అప్పజెప్పింది. ఒకటి ఎతిసలాత్, ఇప్పుడు పేరు ఈ-అండ్ అని మార్చుకున్నది. ఇంకోటి డూ. వీళ్లతోని ఒప్పందం లేని యాప్‌ల మెసేజ్ పోతది, ఫొటో పోతది, రికార్డు చేసిన వాయిస్ పోతది. నేరుగ మాట మాత్రం పోదు. వాట్సాప్‌ల కాల్ చేసే సౌకర్యం 2015ల వచ్చింది, వీడియో కాల్ 2016ల వచ్చింది. మన దగ్గర 2016 సెప్టెంబర్‌ల జియో వచ్చినంక ఊరూరికి నెట్ చేరి, ఇగ పైసలు లేకుండ వీడియోల మొకం చూసుకోవచ్చు అని సంబురపడ్డం. దుబాయ్ దిక్కు మాత్రం ఆ తలుపు తెరుచుకోనే లేదు. స్కైప్ గూడ 2017 చివర్ల ఆడ బంద్ అయ్యింది. (ఆ స్కైప్ కథ 2025 మేల లోకమంతట ముగిసింది, అది వేరే ముచ్చట.)

మాట తాళం ఏసి పోతది కద, లోపల ఏమున్నదో కంపెనీకి తెల్వది కద, మరి కాల్ అని ఎట్ల గుర్తువడుతరు అని మీకు అనుమానం రావచ్చు. మార్కెట్ యార్డుల బస్తా ముడి ఇప్పకుండనే, చేత్తోని తట్టి, ఎత్తి చూసి లోపల వడ్లున్నయా మక్కలున్నయా చెప్పే మనిషి ఉంటడు. గట్లనే. మెసేజ్ ఒక్కసారి పోయి ఊకుంటది. కాల్ ముక్కలు ఒక్కటే సైజుల, ఒక్కటే వేగంతోని, రెండు దిక్కుల ఎడతెగకుండ పోతనే ఉంటయి. ఏ సర్వర్‌కు పోతున్నయో గూడ కనవడుతది. మాట ఇనకుండనే ఆపుడు కష్టం కాదు.

ఎందుకు ఆపుతరు? లైసెన్స్ అంటరు, రూల్ అంటరు. నా లెక్కల అసలు వేరు పైసల్నే ఉన్నది. యూఏఈల మనదేశపోళ్లే 35 లక్షలకు పైన ఉన్నరు. ఇంటికి ఫోన్ చేసుడు వాళ్లకు సోకు కాదు, అన్నంనీళ్ల లెక్క. అంతమంది నిమిషాల మీద నిమిషాలు ఐఎస్‌డీ కొడితే కంపెనీకి వచ్చే ఆదాయం ఎంతుంటదో ఊహించుకోండ్రి. ఇటు దిక్కు సంగతి చూడుండ్రి. బయట దేశం నుంచి వచ్చే కాల్‌ను మన ఫోన్ దాకా చేర్చినందుకు ఇక్కడి కంపెనీకి రావాల్సిన పైసలను 2018ల ట్రాయ్ నిమిషానికి 53 పైసల నుంచి 30 పైసలకు తగ్గించింది. తర్వాత కొంత పెరిగింది గని ఇప్పటికీ పైసల లెక్కనే. కాల్ కొట్టినోని జేబుల నుంచి పోయేదాంట్ల మిగిలింది అటు కంపెనీకి, నడుమ మోసేటోళ్లకు.

అట్లని మనం గొప్పలు చెప్పుకునుడు గూడ తగది. మన దేశంల సుత 2002 మార్చి దాకా నెట్ ఫోన్ నిషేధమే. బయట దేశాల కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ ఒక్కదానికే హక్కు ఉండె. 2002 ఏప్రిల్ 1 నాడు ఆ హక్కు పోయింది, నెట్ ఫోన్‌కు అనుమతి వచ్చింది. అంతకుముందు పచ్చ బోర్డు ఎస్‌టీడీ బూత్‌ల మీటర్ తిరుగుతుంటే గుండె గూడ దాంతోని తిరిగేది. ఆ ఖర్చు మోయలేకనే టేప్ రికార్డర్ల మాట నింపి, ఊరికొచ్చేటోని చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేటోళ్లు. ఇంకో సంగతి. గల్ఫ్ ఇండ్లల్ల మస్తు నడిచిన ఇమో యాప్‌ను 2023 మేల ఇంకో 13 యాప్‌లతోని కలిపి మన కేంద్ర ప్రభుత్వమే నిషేధించింది. కారణం భద్రత అన్నరు. కారణం ఏదైనా, ఒక పొద్దు దాంకా కలిసిన ఫోన్ తెల్లారి కలవకుంటే అవ్వకు ఏం తెలుస్తది? కొడుకు మీదనే కోపం.

ఇగ ఉన్న దారులు చూద్దాం. యూఏఈల అనుమతి ఉన్న యాప్‌లు ఉన్నయి. మనోళ్లకు ఎక్కువ ఎరుకున్నది బొటిమ్. సీమీ, హాయ్‌యూ, వోయ్‌కో లాంటియి గూడ ఆ జాబితాల ఉన్నయి. 2018 జనవరిల ఎతిసలాత్ బొటిమ్, సీమీలకు నెలకు 50 దిర్హమ్‌ల ప్యాక్ పెట్టింది, అప్పటి లెక్కల 860 రూపాల దాకా. కైకిలి చేసెటోనికి అది చిన్న మాట కాదు. ప్యాక్‌లు, ధరలు మారుతనే ఉంటయి, కాబట్టి సిమ్ తీసుకునే కాడనే "ఈ సిమ్ మీద ఏ యాప్‌ల మాట పోతది, దానికి వేరే పైసలున్నయా" అని అడుగుమని చెప్పుండ్రి. ఒకటి మరువద్దు: బొటిమ్ రెండు దిక్కుల ఉంటేనే మాట కలుస్తది. అక్కడ ఎక్కిచ్చుకుని ఇక్కడ అవ్వ ఫోన్ల లేకుంటే ఏం ఫాయిద?

చాలమందికి తెల్వని దారి ఇంకోటి ఉన్నది. 2020ల కరోనా వచ్చి పిల్లల చదువులు, ఆఫీసులు ఇండ్లల్లకు వచ్చినప్పుడు జూమ్, టీమ్స్, గూగుల్ మీట్ లాంటి మీటింగ్ యాప్‌లకు ఆడ గేటు తెరిసిన్రు. పెద్ద సార్ల మీటింగులకు తెరిసిన గేటుల నుంచి మన క్యాంపోడు గూడ పోవచ్చు. గూగుల్ మీట్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల ముందుగాలనే ఉంటది. మీరు మీటింగ్ లింక్ చేసి వాట్సాప్‌ల మెసేజ్ పెడితే, అక్కడ దాన్ని ఒత్తుడే. ఇద్దరే మాట్లాడుకుంటే గంటల కొద్దీ నడుస్తది. జూమ్ పైసలు కట్టకుంటే 40 నిమిషాలకు కోసేస్తది. లింక్ చేసుడు అవ్వకు రాదు, మీకు వస్తది. ఒక్క లింక్ చేసి దాచిపెడితే రోజూ దాన్నే వాడుకోవచ్చు.

మాట నేరుగ పోకున్నా వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఆడ ఆగది. దీన్ని మనం తక్కువ చేసి చూస్తం గని, నన్నడిగితే క్యాంపు బతుకుకు అదే అక్కరకొస్తది. దుబాయ్ టైం మనకంటే గంటన్నర ఎనుక. వాళ్లు పని నుంచి వచ్చి, లైన్ల నిలవడి తానం చేసి, వండుకునే సరికి ఇక్కడ పది దాటి అవ్వ పండుకుంటది. రెండు నిమిషాలు మాట నింపి పంపితే అతను తెల్లారి పనికి పోయే బస్సుల ఇంటడు. పాత క్యాసెట్టే మళ్ల వచ్చింది అనుకోండ్రి, ఈసారి మోసుకొచ్చే మనిషి కోసం ఎదురుచూసే పని లేదు. ఎండకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఆడ బయట ఎండల పనిచేసెటోళ్లకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా పని ఆపాలని రూల్ ఉన్నది. మన టైంల రెండు నుంచి నాలుగున్నర. ఆ సందుల ఒకసారి కొట్టి చూడుండ్రి.

ఇప్పుడు వీపీఎన్ ముచ్చట. ఊర్ల కూసోని "వీపీఎన్ ఏసుకోరాదు, అందరు ఏసుకుంటలేరా" అనెటోళ్లు మస్తుమంది. వీపీఎన్ అంటే బస్తా మీద ఇంకో బస్తా తొడిగినట్టు. లోపలి సరుకు ఆకారం గూడ కనవడకుండ ఇంకో దేశంల ఉన్న సర్వర్ దాకా పోతది, ఆడికెళ్లి వాట్సాప్‌కు పోతది. పనిచేసేది నిజమే. వీపీఎన్ పెట్టుకునుడే తప్పని గూడ ఆడ చట్టం అంటలేదు, కంపెనీలు, బ్యాంకులు తమ పనికి వాడుకుంటయి. కని దాన్ని అడ్డం పెట్టుకుని నేరం చేసినా, నేరం బయటపడకుండ దాచినా శిక్ష ఉన్నది. 2022 జనవరి 2 నుంచి నడుస్తున్న సైబర్ నేరాల చట్టంల దీనికి 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా, జైలు గూడ రాసి ఉన్నది. 5 లక్షల దిర్హమ్‌లంటే మన లెక్కల కోటి రూపాలకు పైనే. ఆపిన సేవను దొంగదారిల వాడుకునుడు ఏ లెక్కలకు వస్తదో తేల్చేది అక్కడి పోలీసులు, అక్కడి కోర్టు. మీరు నేను కాదు.

"ఇన్నేండ్ల సంది వాడుతున్నం, ఏమన్న అయ్యిందా" అంటరు. కాకపోవచ్చు. కని ఏజెంట్‌కు కట్టిన పైసలు నూటికి మూడు రూపాల మిత్తి మీద తెచ్చి పోయిన మనిషి, వీసా కంపెనీ చేతుల ఉన్న మనిషి, ఆ జూదం ఆడే తాకత్ ఉన్నదా? ఫ్రీ వీపీఎన్‌ల ఇంకో తంటా ఉన్నది. ఫోన్ల నుంచి పోయే నెట్ అంత ఆ యాప్ నడిపెటోని చేతుల మీదికెళ్లి పోతది. వాడెవడో, ఏ దేశపోడో తెల్వది. పేరు, గుర్తు అచ్చం పెద్ద కంపెనీ లెక్క పెట్టి నకిలీ యాప్‌లు వదిలెటోళ్లు గూడ ఉన్నరు. అదే ఫోన్ల జీతం వడే బ్యాంకు యాప్ ఉంటది. ఏసుకునుడు ఏసుకోకపోవుడు అతని ఇష్టం. ఇంటికాడ కూసోని మనం ఒత్తిడి పెట్టుడు మాత్రం మంచిది కాదు.

అన్ని దేశాలు గిట్లనే ఉంటయని గాదు. మనోళ్లు మస్కట్ పోయినా, రియాద్ పోయినా, కువైట్ పోయినా "దుబాయ్ పోయిండు" అనుడే అలవాటు, గందుకే అందరికి ఒక్కటే రూల్ అనుకుంటం. సౌదీ 2017 సెప్టెంబర్‌ల నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసుడు మొదలువెట్టింది, అన్ని యాప్‌లకు ఒక్కనాడే దారి ఇయ్యలేదు. కువైట్, బహ్రెయిన్‌లల్ల ఈ తిప్పల పెద్దగ లేదు. ఖతర్, ఒమన్ పోయెటోళ్లు ఆడున్న ఊరోన్ని అడిగి పోవుడే నయం. అమెరికాల బిడ్డ దగ్గరికి పోయే తల్లిదండ్రులకు వాట్సాప్ ఆగది. వాళ్లకు ఉచ్చు వేరే కాడ ఉంటది. విమానం దిగంగనే ఇక్కడి సిమ్ మీద డేటా రోమింగ్ నడుస్తుంటే ఫోన్ తనంతట తానే ఫొటోలు ఎక్కిచ్చి, యాప్‌లు కొత్తగ చేసుకుని బిల్లు వాచిపోయేటట్టు చేస్తది. రోమింగ్ డేటా బంద్ పెట్టి, వైఫై కలిసినంకనే వాట్సాప్ తెరువుమని చెప్పుండ్రి.

ఇక్కడి సిమ్ సంగతిల మనోళ్లు ఎక్కువ మోసపోతున్నరు. దుబాయ్ చేరంగనే కొత్త సిమ్ ఏసుకుని పాతదాన్ని సూట్‌కేసుల పారేస్తరు. వాట్సాప్ మాత్రం పాత నంబర్ మీదనే నడుస్తుంటది, అంత మంచిగనే ఉన్నది అనుకుంటరు. ట్రాయ్ రూల్ ప్రకారం 90 రోజులు వాడని నంబర్‌ను కంపెనీ ఆపేయొచ్చు. ప్రీపెయిడ్‌ల 20 రూపాల బ్యాలెన్స్ ఉంటే అందులకెళ్లి కోసుకుని నంబర్ నిలవెడుతరు. అది గూడ లేకుంటే నంబర్ పోతది, కొన్నొద్దులకు ఇంకెవనికో ఇస్తరు. ఆ కొత్త మనిషి వాట్సాప్ పెట్టుకుంటే మనోని వాట్సాప్ ఊడుతది. బ్యాంకు ఓటీపీ అతని ఫోన్‌కు పోతది. రైతుబంధు వడ్డ ఖాతా, బిడ్డ పెండ్లికి దాచిన ఎఫ్‌డీ, ఆధార్, అన్ని ఆ ఒక్క నంబర్‌కే కట్టి ఉంటయి. దీనికి తోడు 2025 నవంబర్‌ల కేంద్ర టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్ లాంటి యాప్‌లకు కొత్త ఆదేశం ఇచ్చింది. ఏ నంబర్ మీద యాప్ నడుస్తున్నదో ఆ సిమ్ ఫోన్ల ఉండాలె అని. కాబట్టి రెండు సిమ్‌ల ఫోన్ కొనుక్కుని, ఇక్కడి సిమ్ రెండో సందుల పెట్టుకుని పోవుడే తెలివి. రీచార్జ్ తేదీ మీరు క్యాలెండర్ల రాసిపెట్టుండ్రి. బ్యాంకుల 1800 నంబర్లు బయటి దేశం నుంచి చాలసార్లు కలవయి. ప్లస్ 91 తోని మొదలయ్యే బ్యాంకు నంబర్ పాస్‌బుక్ మీద రాసి ఇయ్యుండ్రి.

దొంగలు గూడ ఈ నెట్ ఫోన్ దారినే వాడుతున్నరు. బయట దేశంల కూసోని నెట్ మీద కాల్ కొట్టి, ఇక్కడ వందల సిమ్‌లు పెట్టిన డబ్బ ద్వారా తిప్పుతరు. మన ఫోన్ల మామూలు పదంకెల నంబర్ వడుతది. "మీ పోరడు పోలీసులకు దొరికిండు, యాక్సిడెంట్ అయ్యింది, అర్జెంటుగ పైసలు కొట్టుండ్రి" అంటరు. ఏడుపు గూడ ఇనిపిస్తరు. కాల్ కలవని దేశంల కొడుకు ఉన్న తల్లికి ఆ మాట ఎంత తొందరగ తాకుతదో ఎరికే. కాల్ పెట్టేసి, అతనికే తెలిసిన దారిల మెసేజ్ చెయ్యాలె, రూమ్‌ల ఉండే దోస్తుకు చెయ్యాలె. ఇంటోళ్లకే ఎరుకున్న ఒక మాట ముందుగాలనే అనుకుని పెట్టుకోవాలె, మేకపిల్ల పేరో, పాత మాస్టారు పేరో. పైసలు పోతే వెంటనే 1930కి కొట్టాలె. పైసలు పోకున్నా అనుమానం కాల్‌ను సంచార్ సాథీల చక్షు అనే కాడ రాసిపెట్టొచ్చు.

ఆపద వచ్చినప్పుడు యాప్‌లు అక్కరకు రావు. వాట్సాప్ నుంచి గని బొటిమ్ నుంచి గని పోలీసులకు, అంబులెన్స్‌కు కాల్ పోదు. యూఏఈల పోలీస్ 999, అంబులెన్స్ 998, మామూలు ఫోన్‌తోనే కొట్టాలె. మన కాన్సులేట్ తరఫున ప్రవాసుల కోసం నడిచే సహాయ కేంద్రం నంబర్ 80046342, ఆ దేశంల ఉన్నోళ్లకు ఫ్రీ. జీతం ఇయ్యకున్నా, పాస్‌పోర్ట్ గుంజుకున్నా దానికి చెప్పుకోవచ్చు. ఫోన్ పోయినా నంబర్ పోవద్దంటే కాగితం మీద రాసి పర్సుల పెట్టుకోవాలె. ఇంటికి ఒక్క నిమిషం ఐఎస్‌డీ కొట్టేటంత బ్యాలెన్స్ ఎప్పుడూ సిమ్‌ల ఉంచుకోవాలె. నెట్ లేని రాత్రి చావు కబురో, పుట్టిన కబురో వస్తే ఆ ఒక్క నిమిషమే దిక్కు.

ఈ పనులన్ని శంషాబాద్ బండి ఎక్కకముందే, ఇంటికాడనే అయిపోవాలె. అవ్వ ఫోన్ల బొటిమ్ ఎక్కిచ్చి, ఒకలు లోపటి అర్రల, ఒకలు వాకిట్ల నిలవడి రెండు నిమిషాలు మాట్లాడి చూడుండ్రి. మీట్ లింక్ ఒకసారి ఒత్తిపియ్యుండ్రి. వాయిస్ మెసేజ్ ఎట్ల నింపాల్నో ఆమె చేత్తోని ఆమెనే చేసేదాక చూపియ్యుండ్రి. కంపెనీ పేరు, క్యాంపు ఉన్న జాగ, రూమ్ దోస్తు నంబర్, పాస్‌పోర్ట్ జిరాక్స్ బీరువాల ఒక కవర్ల పెట్టుండ్రి. అవ్వకు ఇంకొక్క ముచ్చట చెప్పుండ్రి: వాట్సాప్‌ల "కనెక్టింగ్" అని తిరుగుతుంటే అది కొడుకు చేసింది కాదు అని.